చేత్తో వేసిన కొలత

కిషోర్ బాబు గారి ఆఫీసులో గీతలు గీసే పని ఆయనది, అంకెలు వేసే పని లీదియాది. నూజివీడు బస్టాండు వెనక మందుల షాపు మీద రెండు గదులు, రెండు కంప్యూటర్లు, సరిగ్గా ఎండాకాలంలోనే మొరాయించే ఒక ఏసీ. ఎవరికి షెడ్డు కావాలన్నా, నీళ్ళ ట్యాంకుకి స్టాండు కావాలన్నా, కాయలు మాగబెట్టే గది కావాలన్నా ముందు ఆయన కంప్యూటర్లో ఆ బొమ్మ గీసి పడేస్తాడు. పడేస్తాడు అనడమే సరైన మాట. ఎక్కడి గీత అక్కడ వదిలేసి, "అమ్మాయ్, కొలతలు పెట్టేయ్" అంటూ బండెక్కి సైటుకు పోతాడు. ఇక ఆ బొమ్మకు నోరొచ్చేది లీదియా చేతిలోనే. స్తంభానికీ స్తంభానికీ మధ్య దూరమెంత, దూలం పొడవెంత, బోల్టు ఎంత లావు, అతుకు ఎంత మందం, రంగు ఎన్ని పూతలు, అన్నీ ఆ పిల్లే రాయాలి. పాలిటెక్నిక్‌లో డిప్లొమా అయ్యాక మూడేళ్ళుగా అదే పని.

కాగితం కింది మూల 'గమనికలు' అని ఒక చిన్న పెట్టె ఉంటుంది. మిగతా ఆఫీసుల వాళ్ళు అది ఇంగ్లీషులో నింపుతారు. లీదియా తెలుగులో నింపుతుంది, ఎందుకంటే ఆ కాగితం చివరికి చేరేది వెల్డింగు మేస్త్రి పెద్దిరాజు చేతికి. ఆయనకు అంకెలూ తెలుగూ తప్ప మరొకటి రాదు. ఆ పెట్టెలో మొదటి వాక్యం ఎప్పుడూ ఒకటే: 'రాసిన అంకెనే నమ్మండి. బొమ్మను స్కేలు పెట్టి కొలవకండి.' ప్రింటులో బొమ్మ కాస్త పెరగొచ్చు, తరగొచ్చు, అంకె మాత్రం మారదు కదా అని. పెద్దిరాజు కూడా పదిమందిలో అనేవాడు, "మా లీదియమ్మ అంకేసిందంటే ఇంక నేను టేపు తియ్యను" అని. ఆ మాట విన్న రోజు లీదియా ఇంటికి నడిచి వెళ్ళేది కాదు, తేలిపోయేది. ఒక్కసారి ఆయన టేపు తీసి ఉంటే ఈ కథ చెప్పుకోవాల్సిన పనే ఉండేది కాదు.

ఆ శుక్రవారం కిషోర్ బాబు చింతలపూడి బయల్దేరుతూ, "శ్రీరాములు గారి షెడ్డు ఫైలు తెరిచి ఒక కాపీ తీసిపెట్టమ్మా. వీళ్ళకీ అలాంటి అటకే కావాలంట" అన్నాడు.

శ్రీరాములు గారిది ఆగిరిపల్లి రోడ్డులో పెద్ద మామిడి తోట. తోటలోనే కొత్తగా కాయలు ప్యాకింగు చేసే షెడ్డు కట్టించాడు. అందులో పదకొండు అడుగుల ఎత్తున ఒక ఇనప అంతస్తు. కాగితం మీద దాని పేరు మెజ్జనైన్, అందరి నోట్లో అటక. కిందికి లారీ వెనక్కి వచ్చి నిలబడుతుంది, పైన ఆడవాళ్ళు కూర్చుని రసాలను కాగితంలో చుట్టి అట్టపెట్టెల్లో సర్దుతారు. దాన్ని నిలబెట్టి నాలుగు రోజులైంది. నిన్నటి నుంచి పని కూడా మొదలైంది. శ్రీరాములు గారు ఆ పని ఫోటో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకుంటే లీదియా చూసింది కూడా.

పది గంటలప్పుడు ఆమె ఆ ఫైలు తెరిచి, మెట్ల పక్క దూలం పొడవు మీద నొక్కింది. బొమ్మలో 5800 మిల్లీమీటర్లు అని ఉంది. పక్కన చిన్న గళ్ళలో, కంప్యూటర్ తనకు తానుగా కొలిచిన అసలు పొడవు, 5898 అని ఉంది.

ఇంకోసారి నొక్కింది. అదే.

సంగతేమిటో అర్థం కావడానికి ఆమెకు క్షణం పట్టలేదు. మామూలుగా ఆ యంత్రంలో కొలత చేత్తో వేయక్కర్లేదు. రెండు చివరలూ చూపిస్తే అంకె అదే వేసుకుంటుంది. గీత జరిగితే అంకె కూడా మారుతుంది. కానీ ఎవరైనా ఆ అంకె చెరిపి దాని మీద చేత్తో వేరే అంకె కొడితే, అక్కడితో గీతకూ అంకెకూ సంబంధం తెగిపోతుంది. గీత ఎటు పోయినా అంకె మాత్రం కొట్టినదే చూపిస్తూ ఉంటుంది. డిప్లొమాలో మొదటి నెలలోనే చెప్పారు, అలా చేయకూడదని. లీదియా చేసింది. ఫిబ్రవరిలో కిషోర్ బాబు ఆ దూలం గీసినప్పుడు రెండు మిల్లీమీటర్లు తక్కువ గీశాడు. 5798 అని వచ్చింది. గీత సరిచేయాలంటే, "సార్, మీ గీత తప్పండీ" అని అడగాలి. ఆయన ఏమీ అనడు. కానీ చిన్నబుచ్చుకుంటాడేమో, పెద్దాయన, పని నేర్పినవాడు అని, ఆమె నోరు మూసుకుని అంకె మీద 5800 కొట్టేసింది. రెండు మిల్లీమీటర్లే కదా. మర్యాదకు పోయి చేసిన పని.

తర్వాత పది రోజులకు శ్రీరాములు గారు లారీ తిరగడానికి చోటు చాలదని, మెట్ల పక్క స్తంభాన్ని వంద మిల్లీమీటర్లు అవతలికి జరపమన్నాడు. కిషోర్ బాబు జరిపాడు. కాగితం మీద నలభై అంకెలు వాటంతట అవే మారిపోయాయి. ఈ ఒక్కటీ మారలేదు. అంకెనే నమ్మమని చెప్పిన గమనిక కింద, నమ్మకూడని అంకె ప్రింటయి వెళ్ళిపోయింది.

దూలం నాలుగంగుళాలు పొట్టి. స్తంభాలకు ఉన్న బ్రాకెట్ల మీద అది రెండు వైపులా ఐదేసి అంగుళాలు ఆనాలి. ఒక వైపు పూర్తిగా ఆనితే రెండో వైపు మిగిలేది ఒక్క అంగుళం. ఒకే ఒక్క అంగుళం, దాని మీద మనుషులు.

అలాంటప్పుడు ఎవరైనా ముందు ఏం చేస్తారు? ఫోను తీస్తారు అనుకుంటాం. ఆమె ముందు ఫైలు సరిచేసింది. కొట్టిన అంకె తీసేసి, గీతను రెండు మిల్లీమీటర్లు లాగింది. 5900 అని వచ్చింది. సేవ్ చేసింది. పాత ప్రింటు ఫైలింగు రాక్‌లోంచి తీసి, చిన్న చిన్న ముక్కలుగా చింపి, కింద మందుల షాపు వాళ్ళ చెత్తడబ్బాలో వేసి వచ్చింది. మెట్లెక్కి పైకి వచ్చేటప్పుడు తన కాళ్ళ చప్పుడుకే ఉలిక్కిపడింది.

అప్పుడు పెద్దిరాజుకు ఫోను చేసింది.

"బాబాయ్, శ్రీరాములు గారి అటకలో మెట్ల పక్క దూలం..."

అవతల గ్రైండర్ మోత ఆగింది. "చూశావా? నాలుగంగుళాలు పొట్టొచ్చింది తల్లీ. పైకి ఎక్కించాక గానీ తెలియలా. సర్దేశాంలే."

"ఎట్టా సర్దారు?"

"ముక్కేసి అతికించా. పైన గట్టిగానే వెల్డింగు కాల్చా. కింద బ్రాకెట్టు అడ్డమొచ్చి రాడ్డు పోలేదు. రంగేశాం కదా, ఎవరికీ కనపడదు."

"మరి బోల్టులు?"

"కన్నాలే కలవకపోతే బోల్టులెక్కడ పడతాయే?"

లీదియా కుర్చీ చేతిని పట్టుకుంది. "నాకు ఒక్క మాట చెప్పొచ్చు కదా బాబాయ్?"

"చెబితే సారు నిన్ను తిడతాడని. అయినా పదిమందిలో నీ అంకె తప్పని నా నోటితో ఎట్టా అంటానే? నువ్వూ ఎవరితో అనమాక. నిలబడిందిగా, నిలబడుతుంది."

ఇక్కడ ఒక నిజం చెప్పుకోవాలి, దాచి ప్రయోజనం లేదు. ఫోను పెట్టేశాక లీదియాకు భయం పెరగలేదు, తగ్గింది. తప్పు తెలిసిన మనిషి ఇంకొకడున్నాడు, అతను నోరు విప్పడు. నాలుగు రోజులు నిలిచిన అటక సాయంత్రం దాకా నిలవదా? సారు వచ్చాక మెల్లగా, "అక్కడ ఇంకో సపోర్టు పెడితే బాగుంటుందండీ" అని ఎవరి తప్పూ కానట్టు చెప్పొచ్చు. అలా అనుకుంటూనే ఒక కాగితం మీద లెక్క మొదలుపెట్టింది. ట్రేకి ఇరవై కిలోలు, మనిషికి యాభై. లెక్క సగంలో ఉండగా జవాబు ఎటు పోతుందో తెలిసిపోయి పెన్ను మూత పెట్టేసింది. ఆ పైన ఆడవాళ్ళు కూర్చుని ఉంటారని ఆమెకు తెలుసు. వాళ్ళకు ముఖాలు లేవు, అంతే. వాట్సాప్ ఫోటోలో వంచిన తలలు, ముసుగేసుకున్న తువ్వాళ్ళు. టీ తెప్పించుకుని తాగింది. చింతలపూడి కాపీ పని కూడా కాస్త చేసింది.

పదకొండున్నరకు ఫోను మోగింది. తమ వీధిలోనే ఉండే నాగమణి పిన్ని నంబరు. ఎత్తితే మాట్లాడింది అమ్మ, ఇన్నమ్మ.

"ఏమే, టిఫిను తిన్నావా? ఇవాళ మమ్మల్ని పరదేశి తోటకి కాకుండా ఇటు పంపారే, శ్రీరాములు గారి కొత్త షెడ్డుకి. నువ్వు కొలతలేసిన అటక మీదే కూర్చున్నా! అందరికీ చెప్పా, ఇది మా అమ్మాయి కొలతే అని. ఈ నాగమణి నమ్మట్లా. నువ్వే చెప్పు దీనికి."

వెనక ఆడవాళ్ళ నవ్వులు.

"కాకపోతే కాస్త ఊగుతుందే," అంది ఇన్నమ్మ. "ఎవరైనా మెట్లెక్కితే పిర్రల కింద జిల్లుమంటోంది. కొత్తది కదా, సర్దుకుంటుందిలే అంటున్నారు."

"అమ్మా, నువ్వు దిగు."

"ఏం?"

"నీకు బీపీ కదా. రేకుల కింద ఎండ కొడుతుంది. నువ్వొక్కదానివి దిగి కింద కూర్చో. మెల్లగా దిగు."

"బాగుంది సంబడం! ఇరవై ముగ్గురం ఉన్నాం. వీళ్ళందరూ ఉండగా నేనొక్కదాన్నే దిగి నీడన కూర్చుంటే ఏమనుకుంటారు? సరేలే, ఫోను నాగమణిది, డబ్బులైపోతాయి." పెట్టేసింది.

మళ్ళీ చేసి అందరినీ దిగమని చెబితే? నంబరు నొక్కబోయి ఆగింది. ఇరవై ముగ్గురూ ఒక్కసారి లేచి పరిగెత్తేది మెట్ల వైపుకే. మెట్లున్నది ఆ దూలం పక్కనే. ఫోనులో తాను వేసే కేకే వాళ్ళను చంపుతుంది.

లీదియా తలుపు తాళం కూడా వేయకుండా కిందికి ఉరికి ఆటో ఎక్కింది. కిషోర్ బాబు ఫోను అందుబాటులో లేదు. శ్రీరాములు గారి ఫోను ఎంగేజ్. మళ్ళీ ఎంగేజ్. పెద్దిరాజుకు చేసి, "బాబాయ్, అమ్మ ఆ అటక మీదే ఉంది" అంది. "వస్తున్నా తల్లీ" అని పెట్టేశాడు.

మే నెల, మామిడి ఊపు మీదుంది. మార్కెట్టు దగ్గర ట్రాక్టర్లు రోడ్డుకు అడ్డం. ట్రేల మీద కప్పిన గోనెల్లోంచి రసాల వాసన ఆటోలోకి కొడుతోంది. ఆటో అబ్బాయి తాపీగా హారన్ కొడుతూ, ముందున్న ట్రాక్టరు వాడితో పరాచికాలాడుతున్నాడు. "అన్నా, తొందరగా" అంటే, "ఎగిరిపోమంటావా అక్కా?" అన్నాడు. లీదియా కళ్ళు మూసుకుంది. కళ్ళు మూస్తే దూలం కొస కనిపించింది, అంగుళం మీద నిలబడి. ఎవరో బరువైన మనిషి ట్రే ఎత్తుకుని ఆ పక్కగా నడుస్తోంది. కళ్ళు తెరిచింది. యేసయ్యా, అక్కడికి వెళ్ళేదాకా ఎవరినీ కదలనీయకు అని వేడుకుంది. ఆ ప్రార్థన మొదట్లో అమ్మ పేరు ఒక్కటే ఉంది. సగం దారిలో గానీ మిగతా వాళ్ళు గుర్తుకు రాలేదు.

తోట గేటు దగ్గర ఆటో దిగి షెడ్డులోకి పరిగెత్తింది. లారీ ఇంకా రాలేదు. శ్రీరాములు గారు కాటా పక్కన కుర్చీ వేసుకుని ఫోనులో ఎవరితోనో బేరమాడుతున్నాడు. లీదియా సరాసరి మెట్ల పక్క స్తంభం కిందికి వెళ్ళి తల ఎత్తింది.

నేల మీద ఎర్ర రంగు పెచ్చులు రాలి ఉన్నాయి. పైన, దూలానికీ ముక్కకూ మధ్య అతుకులో, వెంట్రుక మందాన ఒక తెల్లటి గీత. తుప్పు పట్టని, రంగు లేని, అప్పుడే తెగిన ఇనుము. ఆమె చూస్తుండగానే ఎవరో పైన నడిచారు. ఆ గీత కాస్త వెడల్పయి మళ్ళీ మూసుకుంది.

"ఏంటమ్మా, కిషోర్ బాబు పంపాడా?" శ్రీరాములు గారు ఫోను కట్టేసి వచ్చాడు. లీదియా చెయ్యెత్తి చూపించింది. "ఆ అతుకు తెగుతోందండీ. అటక పడిపోతుంది."

ఆయన తల పైకెత్తి, గాలి పీల్చుకుని, "అందరూ..." అనబోయాడు. లీదియా ఆయన నోటిని అరచేత్తో మూసేసింది. ఊళ్ళో ఎదురైతే పదిమంది లేచి నిలబడే మనిషి. ఆయన మీసాలు ఆమె చేతికి గుచ్చుకున్నాయి.

"అరవకండి. అరిస్తే అందరూ ఇటే పరిగెత్తుకొస్తారు. కాయలు కోసే నిచ్చెనలు రెండు ఆ చివర వేయించండి. చప్పుడు కాకూడదు. నేను పైకెళ్తా."

ఆయన కళ్ళతోనే సరేనన్నాడు. లీదియా చెప్పులు విడిచి మెట్లెక్కింది. పదమూడు మెట్లు. గీసింది సారే గానీ, ఒక్కో మెట్టు ఎత్తూ వేసింది తనే. పన్నెండో మెట్టు మీద కాలు పెట్టేసరికి పక్కన ఇనుము సన్నగా మూలిగింది. కింద పడితే ఎలా ఉంటుందో అరికాళ్ళకు ముందే తెలుస్తున్నట్టుంది. పైకి అడుగు వేసింది.

"అదిగోనే మా అమ్మాయి!" అంది ఇన్నమ్మ. మెట్ల పక్కనే, బోర్లించిన ట్రే మీద కూర్చుని ఉంది. సరిగ్గా ఆ దూలం నెత్తిన. చుట్టూ నిండు ట్రేలు నాలుగు వరసలు.

నాగమణి కూతురు దివ్య నెత్తిన ట్రేతో మెట్ల వైపు వస్తోంది. ఇంటర్ పరీక్షలు రాసి, సెలవుల్లో తల్లితో పనికి వచ్చిన పిల్ల. ఇంకో నాలుగడుగులు వేస్తే ఆ మూలకు చేరుతుంది.

"దివ్యా, ఆగు." లీదియా గొంతు తనకే కొత్తగా, మెత్తగా వినిపించింది. "ట్రే కింద పెట్టకు. అలాగే వెనక్కి నడు. ఆ చివరిదాకా వెళ్ళు." తర్వాత అందరి వైపూ తిరిగి నవ్వింది. ఆ నవ్వు ఎక్కడి నుంచి తెచ్చుకుందో ఆమెకే తెలియాలి. "శ్రీరాములు గారు గ్రూపు ఫోటో తీయమన్నారు. అందరూ ఆ కొసకి వెళ్ళండి. ఒకరి తర్వాత ఒకరు. ట్రేలు ముట్టుకోకండి, ఫోటోలో అలాగే పడాలంట."

ఫోటో అనేసరికి సందడి మొదలైంది. ఒకామె ముసుగు విప్పి జుట్టు సర్దుకుంది. ఇంకొకామె, "ఈ చీరలోనా? ముందే చెబితే మంచిది కట్టుకొద్దును" అంది. నవ్వులు. ఒకళ్ళ భుజం మీద ఒకళ్ళు చెయ్యేసి లేవడం, చీర కుచ్చిళ్ళు దులుపుకోవడం. ఒక్కొక్కళ్ళు లేచినప్పుడల్లా కాళ్ళ కింద రేకు కదులుతోంది. లీదియా నవ్వు ముఖం అలాగే పెట్టుకుని లెక్కపెడుతోంది. ఆరుగురు. తొమ్మిది మంది. అమ్మా, లే. అమ్మ మోకాళ్ళు పట్టుకుని లేచింది. ఆమెను ముందు నడిపించి తాను వెనక నడిచింది.

అటు కొసన రెండు వెదురు నిచ్చెనల తలలు పైకి వచ్చాయి. నాగమణి ముందు అవి చూసి, తర్వాత లీదియా ముఖం చూసింది.

"ఫోటో కాదు కదూ?"

"మెట్లు ఊడేలా ఉన్నాయి పిన్నీ. కంగారు పడకుండా ఇటు దిగుదాం."

ఎవరూ అరవలేదు. అది వాళ్ళ గొప్పతనం. నిచ్చెన కింద పట్టుకోవడమే గానీ ఎక్కి దిగిన అలవాటు ఆ ఆడవాళ్ళలో ఎవరికీ లేదు. చీర దోపుకుని, కళ్ళు మూసుకుని, దేవుణ్ణి తలుచుకుంటూ ఒక్కొక్కళ్ళు దిగడం మొదలుపెట్టారు. కింద శ్రీరాములు గారు నిచ్చెనను ఛాతీకి అదిమి పట్టుకున్నాడు. దివ్య దిగింది. పదకొండు, పన్నెండు, పదమూడు.

పద్నాలుగో మనిషి కాలు నిచ్చెన మీద పెట్టినప్పుడు లీదియా వెనక్కి తిరిగి చూసింది. అమ్మ పక్కన లేదు.

ఇన్నమ్మ మెట్ల వైపు నడుస్తోంది. నాగమణి ఫోను తాను కూర్చున్న ట్రే మీదే వదిలేసింది. పరాయి వాళ్ళ వస్తువు, పోతే మాట వస్తుందని తీసుకురావడానికి వెళ్ళింది. లీదియా అడుగులో అడుగు వేస్తూ ఆమె వెనకే వెళ్ళింది. ఇన్నమ్మ వంగి ఫోను అందుకుంది.

టక్ మని ఒక్కటే చప్పుడు. కొమ్మ విరిగినట్టు, అంతే, పెద్దదేమీ కాదు. ఆ మూల నేల నిదానంగా కిందికి వాలింది. ట్రేలు ఒకదాని మీద ఒకటి దొర్లి, కాయలతో సహా ఆ పల్లంలోకి జారిపోయాయి. ఇన్నమ్మ కూలబడి వాటి వెంట జారుతోంది. లీదియా బోర్లా పడి చెయ్యి చాచింది. అందలేదు. ఇంకా జరిగింది. అమ్మ మణికట్టు చిక్కింది. అమ్మ బరువుకు తానూ జారసాగింది. మెట్లతో సహా ఇనప చట్రం పదకొండు అడుగుల కింద నేలను తాకిన చప్పుడు వినిపించింది. రెండు చేతులు లీదియా చీలమండల్ని గట్టిగా పట్టుకున్నాయి.

"వదలమాక!" అరిచింది నాగమణి. "మీ అమ్మని వదలమాక, నేను నిన్ను వదల్ను!"

ఇంకో ఇద్దరు వచ్చి నాగమణి నడుం పట్టుకున్నారు. లాగారు. ఇన్నమ్మ మోచేతులు చీరుకుపోయి, జాకెట్టు చిరిగి, ఏడవడం కూడా మర్చిపోయి పైకి వచ్చింది. ఫోను ఇంకా చేతిలోనే ఉంది.

అందరూ దిగేసరికి ఎంతసేపయిందో ఎవరూ చూసుకోలేదు. మామిడి చెట్ల కింద కూర్చున్నారు. శ్రీరాములు గారు నీళ్ళ క్యాను తెచ్చి తన చేత్తోనే పోస్తున్నాడు. అప్పుడు వచ్చాడు పెద్దిరాజు, మోపెడ్ మీద. వాలిన మూలనూ, చితికిన రసాలనూ చూసి, అక్కడే గొంతుక్కూర్చుని తల పట్టుకున్నాడు.

"ఎవడు చేశాడు ఈ పని?" శ్రీరాములు గారి గొంతు ఇప్పుడు లేచింది.

"నేనేనండీ." పెద్దిరాజు లేచాడు. "దూలం పొట్టిగా కోసింది నేనే. ముక్క అతికించింది నేనే. అమ్మాయికేం తెలియదు." లీదియా వంక చూసి, ఊరుకో అన్నట్టు కనుబొమ్మలు కదిపాడు.

ఊరుకుంటే అక్కడితో అయిపోయేది. అందరూ ఆమెకు దారి వదిలేశారు.

"ఆయన సరిగ్గానే కోశాడండీ," అంది లీదియా. "కొలత నాది. నేను వేసిన అంకె తప్పు."

నాగమణి లేచి వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "పోనీలేవే తల్లీ. మనిషన్నాక తప్పు రాదా? తెలిసీ తెలియగానే ప్రాణాలకు తెగించి పరిగెత్తుకొచ్చావు. నువ్వు రాకపోతే నా బిడ్డ ఏమయ్యేదో! మీ అమ్మ పొద్దుట్నుంచీ నీ గురించి చెబుతూనే ఉంది, నేనే నమ్మలా."

"బంగారం నా కూతురు," అంది ఇన్నమ్మ, చీరుకుపోయిన మోచేతికి కొంగు అద్దుకుంటూ. "మనందరి కోసం వచ్చింది."

లీదియా తన భయమంతా అటక మీదే అయిపోయిందనుకుంది. అవ్వలేదు. అక్కడ కాళ్ళ కింద ఇనుము కదిలినప్పటి కంటే ఇప్పుడు, గట్టి నేల మీద, ఎక్కువ భయం వేసింది. నాగమణి చేతులు వెచ్చగా ఉన్నాయి. ఇవే చేతులు తన కాళ్ళు పట్టుకుని వదల్ను అన్నాయి.

"నాకు తెలిసింది పదింటికి పిన్నీ," అంది.

నాగమణికి అర్థం కాలేదు. "ఏంటి?"

"తప్పు చూసింది పది గంటలకి. ఎవరికీ చెప్పలేదు. సాయంత్రం చెబుదాంలే అనుకున్నా. అమ్మ మీ ఫోను నుంచి చేసింది పదకొండున్నరకి."

నాగమణి పెదవులు లెక్కపెడుతున్నట్టు కదిలాయి. ఆ గంటన్నరలో దివ్య ఎన్నిసార్లు నెత్తిన ట్రేతో ఆ మెట్లు ఎక్కి దిగిందో ఆమెకు తెలుసు. లెక్క ఆమె నోటి దాకా రాకముందే ఇన్నమ్మ నోటి నుంచి మాట జారింది. నింద వేయాలని కాదు. అప్పుడే తట్టినందుకు అనేసింది.

"అందుకా, నన్నొక్కదాన్నే దిగమన్నావు?"

నాగమణి లీదియా చేతులు వదిలేసింది. విసురుగా కాదు, మెల్లగానే. చెట్టు కింద నీళ్ళు తాగుతున్న కూతురి దగ్గరికి వెళ్ళి, దాని తల, భుజాలు, చేతులు, కాళ్ళు ఇంకోసారి తడిమి చూసుకుంది.